సర్కారు వైద్యం మీద ఊళ్లల్లో సర్వే: ప్రశ్నలు ఎట్ల అడగాలె?

పానగల్లు:
అందరికీ నమస్తే. "అందరికీ వైద్యం ప్రభుత్వమే అందించాలా" అన్న విషయం మీద ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెల్లో జనాభిప్రాయం తీసుకోవాలని ఒక డిగ్రీ విద్యార్థుల బృందం పని మొదలుపెట్టింది. ఆరుగురున్నరు. 10 ఊళ్లు, ఊరికి 40 ఇండ్లు, మొత్తం 400 ఫారాలు అనుకుంటున్నరు. ముసాయిదాలో మొదటి ప్రశ్న: "ప్రభుత్వం అందరికీ ఉచితంగా వైద్యం చేయాలంటారా?" అడిగితే దాదాపు అందరూ అవుననే అంటున్నరు. కానీ వాళ్లే జ్వరమొస్తే ఆర్‌ఎంపీ (డాక్టరు చదువు లేకుండా ఊళ్ల వైద్యం చేసేటాయన) దగ్గరికి పోతున్నరు. ఈ రెండింటినీ ఎట్ల అర్థం చేసుకోవాలె? ప్రశ్న మార్చాల్నా, పద్ధతే మార్చాల్నా?

మన్నెంకొండ:
రెండూ మార్చాలె. ముందు ప్రశ్న సంగతి. ఉచితంగా ఇస్తమంటే వద్దనేటోళ్లు ఉండరు కాబట్టి ఆ "అవును"తో తెలిసేది ఏమీ లేదు. పైగా అందులో మూడు సంగతులు కలిసిపోయినయ్: దవాఖాన ఎవరు నడపాలె, బిల్లు ఎవరు కట్టాలె, ఎవరెవరికి వర్తించాలె.

బ్రిటన్‌లో 1948 జూలై 5 నుంచి దవాఖానలు నడిపేదీ ప్రభుత్వమే, పన్నుల నుంచి ఖర్చు పెట్టేదీ ప్రభుత్వమే. కార్డుతో, ఆదాయంతో పని లేదు. మన ఆరోగ్యశ్రీ అట్ల కాదు. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైనప్పటి నుంచి అందులో సర్కారు ముఖ్యంగా బిల్లు కట్టే మనిషి. ఆపరేషన్ ప్రైవేటు దవాఖానలో కూడా అయితది. పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెరిగినా, పథకం ప్రధానంగా దవాఖానలో చేరి చేయించుకునే చికిత్సలకే. నెలనెలా మెడికల్ షాపులో కొనుక్కునే బీపీ, షుగర్ గోలీల ఖర్చు దాంట్లకు రాదు. అందుకే "ఆరోగ్యశ్రీ మంచిగుంది" అన్న మనిషిని "సర్కారు దవాఖానలే కావాలె" అన్నోళ్ల లెక్కలో వెయ్యొద్దు. ఆ మనిషి కోరేది సర్కారు పైసలు, ప్రైవేటు డాక్టరు కావచ్చు.

ఆర్‌ఎంపీ దగ్గరికి పోవుడు కూడా సర్కారు వైద్యానికి వ్యతిరేకంగా వేసిన ఓటు కాదు. మైదాన ప్రాంతంలో 30,000 జనాభాకు ఒక పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) అన్నది లెక్క. సాయంత్రమైతే చాలాచోట్ల ఓపీ ఉండదు. ఆర్‌ఎంపీ రాత్రి పదింటికి ఇంటికొస్తడు, సూది వేస్తడు, రెండు పూటల గోలీలిస్తడు, పైసలు పత్తి అమ్మినంక తీసుకుంటడు. దూరం, వేళ, ఉద్దెర, ఈ మూడింటినీ వేరువేరుగా అడగకపోతే "జనానికి సర్కారు మీద నమ్మకం లేదు" అని తప్పుగా రాసుకుంటరు. అట్ల రాస్తే పీహెచ్‌సీకి రాత్రి డ్యూటీ అడగాల్సిన ఊరికి అన్యాయం జరుగుతది.

డిండి కాలువ:
ఊళ్ల లెక్క నేను చెప్త. 10 ఊళ్లు, ఊరికి 40 ఇండ్లు అన్నది బలహీనమైన ప్లాను. ఒకే ఊరోళ్లకు అదే పీహెచ్‌సీ, అదే ఆర్‌ఎంపీ, అదే బస్సు. జవాబులు ఒక్కతీరుగనే వస్తయ్. ఆ పోలికను (0 అంటే పోలికే లేదు, 1 అంటే ఊరంతా ఒకే జవాబు) 0.05 అనుకుంటే మీ 400 ఫారాల బలం సుమారు 135 ఫారాలకు పడిపోతది. అంటే ఏ శాతం చెప్పినా అటూఇటూ సుమారు 8 పాయింట్ల తేడా. అవే 400 ఫారాలను 40 ఊళ్లల్లో ఊరికి 10 ఇండ్ల చొప్పున చేస్తే బలం 275 దాకా నిలుస్తది, తేడా 6కు తగ్గుతది. ఒక జంట రోజుకు ఒక ఊరు. మూడు జంటలకు రెండు వారాల పని, ఆటో ఖర్చు మాత్రం పెరుగుతది.

ఊళ్లను జనాభా నిష్పత్తిలో లాటరీ తీయండి, రోడ్డు పక్క ఊళ్లే ఏరుకోవద్దు. దేవరకొండ, చందంపేట వైపు ఇంకొక తిప్పలుంది. 2011 జనగణన జాబితాలో చాలా తండాలు పెద్ద ఊరి కిందనే కలిసి ఉన్నయ్. 2018లో 500 దాటిన తండాలు వేరే పంచాయతీలైనయ్ గనక ఇప్పటి పంచాయతీల జాబితానే వాడాలె. లేకుంటే సర్వే పెద్ద ఊరి నడిబజారులోనే అయిపోతది, రాత్రిపూట 108 కోసం ఎదురుచూసే తండా అందులో ఉండదు.

ఇంట్లో ఎవర్ని అడగాలన్నది కూడా ముఖ్యం. "ఈ తర్వాత పుట్టినరోజు ఎవరిది" అన్న పద్ధతి మన దగ్గర నడవదు. ఆధార్ కార్డుల్లో జనవరి 1 పడ్డోళ్లు మస్తు మంది. పెద్దోళ్ల పేర్లన్నీ వయసు వరుసలో రాసుకొని చీటీ తీయండి. లేకుంటే గడపల నిలబడ్డ మగాయనే ప్రతి ఇంట్లో జవాబు చెప్తడు.

పానగల్లు:
చాలా సంతోషం అన్నా. 40 ఊళ్లకే పోతం. నారాయణపేట వైపు చాలా ఇండ్లకు తాళాలున్నయని విన్నం. అప్పుడు పక్కింటికి పోవచ్చా? ఊరు తెలుస్తదని ఆశ వర్కర్‌ను తోడు తీసుకుపోదమనుకున్నం, సరేనా?

కోస్గి బస్టాండ్:
పక్కింటికి పోవద్దు తమ్మీ. కోస్గి, మద్దూరు, మక్తల్ దిక్కు పంట పనులు అయిపోయినంక ముంబై, పుణె వలస పోతరు. తాళం వేసిన ఇల్లు విడిచి పక్కింటికి పోతే, కాలు విరిగితే ఏ రాష్ట్రంలో ఏ దవాఖానకు పోవాల్నో తెలువని కుటుంబమే లెక్కలోంచి జారిపోతది. తాళమున్న ఇండ్లను ఫారంలో రాయండి, వేరే వేళల్లో ఇంకా రెండుసార్లు పోండి. దసరాకో పీర్ల పండుగకో వలసోళ్లు ఊరికొస్తరు, పండుగ దాటిన రెండు రోజుల్లో దొరుకుతరు. పత్తి ఏరే దినాల్లో ఆడోళ్లు కావాలంటే సాయంత్రం ఆరు దాటినంకనే.

ఆశ వర్కర్ ఊరి పొలిమేర దాకా దారి చూపిస్తే చాలు, ఇంట్లకు రావద్దు. ఆమె ముందర సబ్ సెంటర్‌ల గోలీలు దొరుకుతలేవని ఎవరంటరు? తెల్ల కోటుతో పోయినా అంతే.

గడపల మొదటి మాట: "ఇది కార్డు కోసం కాదు, పింఛను కోసం కాదు." 2014 ఆగస్టు 19 సమగ్ర కుటుంబ సర్వే, 2024 నవంబర్‌ల కులగణన, రెండూ జనానికి యాదికున్నయ్. ఫారం పట్టుకొని వస్తే ఏదో పథకమే అనుకుంటరు, భూమి తక్కువ చెప్తరు. ఆధార్ నంబర్ అడగనే వద్దు. ఆదాయం కూడా అడగొద్దు, రేషన్ కార్డు ఉన్నదా, తరి (నీళ్ల పారకం భూమి) ఎంత, కుష్కి (మెట్ట భూమి) ఎంత అని అడగండి. కార్డుకు హద్దు తరి 3.5 ఎకరాలు, కుష్కి 7.5 ఎకరాలు. ఆ హద్దుకు కొంచెం పైనున్నోళ్లు ఏమంటరో వేరేగ చూడండి, ఆరోగ్యశ్రీ అందక అప్పులపాలయ్యే ప్రమాదం వాళ్లకుంటది.

బీమారి ప్రశ్నకు గడువు చెప్పాలె. "గీ పదిహేను దినాలల్ల మీ ఇంట్ల ఎవలకన్న పానం బాగలేకుండ అయ్యిందా?" అని అడగాలె. దవాఖానల చేరిన సంగతైతే ఏడాది అడగొచ్చు. జ్వరం సంగతి ఏడాది అడిగితే మర్చిపోతరు, ఆపరేషన్ సంగతి పదిహేను దినాలే అడిగితే దొరకదు.

ముసి ఒడ్డు:
మన్నెంకొండ గారి మాటతో ఒక్క దగ్గర ఏకీభవించలేను. ఆ మొదటి ప్రశ్న తీసెయ్యొద్దు, సగం ఫారాల్లో ఉంచండి. మిగతా సగంలో ఎంచుకోక తప్పని ప్రశ్న పెట్టండి. ఎట్లంటే: "సర్కారు దగ్గర ఒక్క పనికే పైసలున్నయ్ అనుకోండి. ఒకటి, మీ పీహెచ్‌సీల రాత్రిపూట గూడ డాక్టరు, నర్సు. రెండు, ప్రైవేటు దవాఖానలకు ఆరోగ్యశ్రీ బకాయిలు ఎప్పటికప్పుడు కట్టుడు. దేనికి పెట్టమంటరు?" రెండు రకాల ఫారాల జవాబులకు ఎంత తేడా వచ్చిందో అదే మీ నివేదికలో అసలు విషయం. బకాయిల కోసం నెట్‌వర్క్ దవాఖానలు (ఆరోగ్యశ్రీ కింద చికిత్స చేసే ప్రైవేటు దవాఖానలు) సేవలు ఆపుడు 2025లో కూడా జరిగింది, కాబట్టి ఇది ఊహించి పెట్టిన ప్రశ్న కాదు, జనానికి బాగనే అర్థమైతది.

ఇందులో కూడా రెండు వరుసలు చేయండి. సగం మందికి పీహెచ్‌సీ ముందు, సగం మందికి ఆరోగ్యశ్రీ ముందు. చదివి వినిపించినప్పుడు ఆఖర్ల విన్నదే చాలామంది పట్టుకుంటరు. "తెల్వదు", "ఏదైనా సరే" రెండూ వేరే గడులుగా పెట్టండి. అభిప్రాయం ముందు, అనుభవం తర్వాత అడగండి. దవాఖానలో పడ్డ తిప్పలు చెప్పించినంక అభిప్రాయం అడిగితే ఆ కోపమే జవాబైతది.

ఒక జాగ్రత్త. 400లో కార్డు లేనోళ్లు 40 మందే దొరికితే వాళ్ల శాతం రాయకండి, ఊరోళ్ల జవాబుల పోలిక పట్టించుకోకున్నా తేడా 15 పాయింట్లు దాటుతది. వాళ్ల మాట కావాలంటే ప్రతి ఊర్ల కార్డు లేని ఇండ్లు రెండు అదనంగా వెతికి వేరే లెక్క కట్టండి.

అసలు పనికి ముందు, ఎంపికైన ఊళ్లు కాకుండా వేరే ఊళ్ల 25 ఫారాలు నింపి చూడండి. ఒక ఫారానికి 20 నిమిషాలు దాటితే ప్రశ్నలు తగ్గించండి, దాటినకొద్దీ ఆఖరు ప్రశ్నలకు అందరూ "అవును" అనుడు మొదలుపెడ్తరు.