ఆన్‌లైన్ ఎడిటర్‌లో కొట్టివేత బటన్ అవసరమా?

ప్రశ్న:

మా సాహిత్య సంఘం సభ్యులు సమావేశాల ప్రకటనలు రాసుకోవడానికి, ఒకరి రచనలపై మరొకరు అభిప్రాయాలు చెప్పుకోవడానికి ఒక చిన్న ఆన్‌లైన్ ఎడిటర్‌ను తయారు చేస్తున్నాము. ఫోన్ తెరపై ఎక్కువ బటన్లు పట్టవు. బోల్డ్, ఇటాలిక్, జాబితా, లింకు ఖాయమయ్యాయి. అక్షరాల మీదుగా అడ్డగీత గీసే కొట్టివేత బటన్ విషయంలో మాత్రం మాలో ఏకాభిప్రాయం కుదరలేదు. అక్కరలేని మాటను చెరిపివేస్తే సరిపోతుంది గదా, గీత గీసి అలాగే ఉంచడం దేనికని కొందరు అడుగుతున్నారు. తెలిసినవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

మొదటి సమాధానం:

తప్పక ఉంచండి. ఇంకా ఎవరూ చూడని చిత్తుప్రతిలో చెరిపివేయడమే మేలు, అక్కడ గీతలు కంటికి అడ్డం తప్ప మరొకటి కావు. అయితే మీరు రాసిన మాటను నలుగురు చదివి, దానికి జవాబులు కూడా రాసిన తరువాత ఆ మాటను మాయం చేస్తే, ఆ జవాబులు దేనికి రాసినవో తరువాత వచ్చినవారికి అర్థం కాదు, జవాబు రాసినవారికి అన్యాయమూ జరుగుతుంది. వికీపీడియా చర్చాపేజీలలో ఇతరులు స్పందించిన తరువాత తన వ్యాఖ్యను మార్చుకోదలచినవారు పాత మాటలను కొట్టివేసి, కొత్తవి పక్కన చేర్చే పద్ధతి ఇందుకే ఏర్పడింది. పాత కూర్పులన్నీ పేజీ చరిత్రలో భద్రంగానే ఉంటాయి, కానీ చర్చ చదివే ప్రతివారూ ఆ చరిత్రను తెరిచి చూడరు.

ఈ జాగ్రత్త కంప్యూటర్లతో వచ్చినది కాదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 20వ సెక్షన్ ప్రకారం దస్తావేజులో కొట్టివేతలు, దిద్దుబాట్లు, పంక్తుల మధ్య చేర్పులు ఉంటే వాటి పక్కన రాసి ఇచ్చినవారి సంతకమో పొడి సంతకమో ఉండాలి. లేకుంటే రిజిస్ట్రారు దస్తావేజును తిరస్కరించవచ్చు. ఏది మారిందో కనబడాలి, మార్చినది ఎవరో తెలియాలి. మీ సభ్యులు ఒకరి రచనను మరొకరు దిద్దేటప్పుడు కావలసినదీ ఇదే.

అడిగినవారు:

వివరంగా చెప్పినందుకు ధన్యవాదాలండీ. వాట్సాప్‌లో మాటకు అటూ ఇటూ టిల్డా (~) గుర్తు పెడితే గీత వస్తుంది. మేమూ ఆ సౌకర్యం ఇచ్చి, బటన్ మానివేయవచ్చునా?

మొదటి సమాధానం ఇచ్చినవారు:

తెలుగులో రాసేవారికి అది ఇబ్బంది అండీ. భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అయిన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో టిల్డా ఉండవలసిన మీటపై ‘ఒ’, దాని గుణింతపు గుర్తు ఉంటాయి కనుక ఆ ఒక్క గుర్తు కోసం ఇంగ్లీషు కీబోర్డుకు మారి మళ్లీ వెనక్కు రావాలి. ఫోన్‌లోనేమో గుర్తుల పేజీలలో వెతుక్కోవాలి. పైగా వాట్సాప్‌లో ఒక టిల్డా చాలు, ప్రోగ్రామర్లు వాడే గిట్‌హబ్ సైటు రాతలో రెండు పెట్టడం వాడుక. 2004లో వచ్చిన అసలు మార్క్‌డౌన్‌లో (మామూలు గుర్తులతోనే బోల్డ్, ఇటాలిక్ వంటివి సూచించే రాత పద్ధతిలో) కొట్టివేతకు గుర్తే లేదు. ఇన్ని తేడాలను సభ్యులు గుర్తుపెట్టుకోవాలని ఆశించడం కంటే ఒక బటన్ ఇవ్వడమే సులభం.

మరొకరి సమాధానం:

బటన్ ఉండాలన్నదానితో నేనూ ఏకీభవిస్తాను, కానీ ఒక పెద్ద చిక్కును ఎవరూ ప్రస్తావించలేదు. బోల్డ్ పోతే అర్థానికి నష్టం లేదు, ఇటాలిక్ పోయినా పెద్దగా లేదు, గీత పోతే మాత్రం అర్థం తలకిందులవుతుంది. ‘సమావేశం శనివారం’ అన్నదానిలో శనివారాన్ని కొట్టివేసి పక్కన ఆదివారం అని రాశారనుకోండి. దానిని ఎవరైనా ఉత్త పాఠంగా నకలు చేసి ఎస్సెమ్మెస్‌లో పంపితే ‘సమావేశం శనివారం ఆదివారం’ అని చేరుతుంది, రెండు రోజులూ సభ ఉందనుకుంటారు. చూపు లేని సభ్యులకు నకలు చేయకుండానే ఈ కష్టం వస్తుంది, ఎందుకంటే తెరపై ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్లు చాలావరకు మామూలు అమరికలో గీతను ప్రస్తావించకుండా కొట్టివేసిన మాటను మిగిలిన వాటితో కలిపి చదివివేస్తాయి. కనుక గీత ఒక్కదానిమీదే అర్థాన్ని నిలపకండి. కొట్టివేత తరువాత ‘సవరణ:’ అన్న మాటను ఎడిటరే దానంతట అది చేర్చేటట్లు చేయండి.

ఇంకొక మాట. అక్షరాలతో పాటు గీతను అతికించే యూనికోడ్ గుర్తు, 0336 సంఖ్య గలది, ఒకటి ఉంది. కొన్ని సైట్లు దానితో కొట్టివేసిన పాఠాన్ని తయారు చేసి ఇస్తాయి. తెలుగుకు దానిని వాడవద్దు. ‘పుస్తకం’ చూడడానికి మూడక్షరాలే అయినా లోపల ఏడు సంకేతాలు. ప్రతి సంకేతం తరువాత ఆ గుర్తు దూరితే గుణింతాలు, ఒత్తులు చాలా చోట్ల విడిపోతాయి, వెతికితే ఆ మాట దొరకదు.

అడిగినవారు:

ఇంతవరకు మాకు తట్టని విషయం ఇది. మరి వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎమ్‌ఎల్‌లో కొట్టివేతకు ఏ ట్యాగు (గుర్తు) వాడాలి?

అదే వ్యక్తి సమాధానం:

పాత ‘స్ట్రైక్’ ట్యాగు జోలికి పోకండి, 2014 నాటి హెచ్‌టీఎమ్‌ఎల్ 5 దానిని కాలం చెల్లినదిగా ప్రకటించింది. ఇప్పుడు చెల్లని సమాచారానికి, ఉదాహరణకు మారిపోయిన తేదీకి, ‘ఎస్’ ట్యాగు సరిపోతుంది. రచనను దిద్దేటప్పుడు తొలగించిన భాగానికి ‘డెల్’, చేర్చిన భాగానికి ‘ఇన్స్’ వాడండి. వాటిలో మార్పు జరిగిన సమయాన్ని నమోదు చేసే వీలు కూడా ఉంది. ఎవరు మార్చారన్నది మాత్రం మీరే విడిగా దాచుకోవాలి.

గీత మందాన్ని, పేజీ రూపురేఖలను నిర్ణయించే సీఎస్ఎస్‌లో తగ్గించడం మరువవద్దు. తెలుగు అక్షరాల మధ్య నుంచి మందపాటి గీత పోతే ‘ఠ’లోని చుక్క మరుగున పడి ‘ర’ లాగా కనబడుతుంది, ‘థ’కూ అదే గతి. కొట్టివేసిన మాట చదవడానికి వీలుగా ఉండాలి, లేకుంటే చెరపకుండా ఉంచిన ప్రయోజనమే నెరవేరదు. ఇక నకలు చేసేటప్పుడు ఉత్త పాఠంగా క్లిప్‌బోర్డుకు ఏది పోవాలో మీ ప్రోగ్రామే నిర్ణయించగలదు. ప్రకటనలలోనైతే కొట్టివేసిన భాగాన్ని పూర్తిగా వదిలివేయండి, సమీక్షలలోనైతే దానికి ముందు ‘తొలగించినది:’ అని చేర్చి పంపండి.