డ్యూటీ చేసుకుంటూ ఆన్‌లైన్‌లో జెనెటిక్స్ ఎమ్మెస్సీ చెయ్యొచ్చా, డబ్బు దండగా?

గంటస్తంభం:
విజయనగరంలో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో టెక్నీషియన్ని. పదకొండేళ్ల సర్వీసు. మొన్న ఏజెన్సీ వైపు నుంచి ఒకాయన కూతురి రిపోర్టు పట్టుకొచ్చాడు. హెచ్‌పీఎల్‌సీ (రక్తంలో హిమోగ్లోబిన్ రకాల్ని విడదీసి లెక్కగట్టే పరీక్ష) గ్రాఫులో ఎస్, అంటే సికిల్ రకం, 38 శాతం; ఏ, అంటే మామూలు రకం, అంతకంటే ఎక్కువ. అంటే సికిల్ సెల్ క్యారియర్, ఆ రక్తజబ్బు జన్యువు ఒక్కటే ఉండి జబ్బు లేని మనిషి. "జబ్బు లేదంతారు, రిపోర్టులో ఉందంతారు. ఏటి బాబూ ఇది? పిల్లకి పెళ్లి సెయ్యొచ్చా?" అన్నాడు. డాక్టరుగారిని అడగమని పంపేశాను. ఆ అంకె తీసింది నేనే, అర్థం చెప్పలేకపోయిందీ నేనే. అప్పటినుంచి హ్యూమన్ జెనెటిక్స్, జీనోమిక్స్‌లో రెండేళ్ల ఆన్‌లైన్ ఎమ్మెస్సీ కోసం చూస్తున్నాను. ఫీజు కట్టాలంటే చీటీ పాడాలి. పాడమంటారా?

నాగావళి మాష్టారు:
చీటీ జోలికి పోకు బాబూ. శ్రీకాకుళంలో డిగ్రీ పిల్లలకి ఇరవయ్యేళ్లుగా జువాలజీ చెప్తున్నాను. పిపెట్‌తో రెండు మైక్రోలీటర్లు తీసి, డీఎన్‌ఏని విడదీసే జెల్ గుంటలోకి చెదరకుండా వదలడం వేళ్లకి రావాలి. వీడియో చూస్తే రాదు. పైగా ఆరోగ్య రంగానికి చెందిన కోర్సుల్ని, వాటిలో బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీల్ని కూడా, దూరవిద్యలోనూ ఆన్‌లైన్లోనూ నడపొద్దని యూజీసీ 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి ఆపేసింది. ఊరికే ఆపుతారా? నువ్వు చూస్తున్న డిగ్రీ ఇక్కడ చెల్లుతుందో లేదో ముందు కాగితం మీద రాయించుకో.

రాజాం చెల్లెలు:
మాష్టారూ, నమస్తే. ఆయన పిపెట్ పట్టడం నేర్పమనలేదు కదండీ, పదకొండేళ్లుగా పడుతూనే ఉన్నాడు. మీ పిల్లలకి లేనిది అతనికి ఉంది, అతనికి లేనిది వీడియోలో ఉంది.

నేను స్టాఫ్ నర్సుని. నైట్ డ్యూటీల్లో ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీలు, ఐఐఎస్సీ నడిపే ఆన్‌లైన్ పాఠాలు)లో జెనెటిక్స్ కోర్సు చేసేను. వీడియోలు ఉచితం. సర్టిఫికెట్ కావాలంటే సెంటర్‌కి వెళ్లి పరీక్ష రాయాలి, దానికి 75 మార్కులు, అసైన్‌మెంట్లకి 25. వంశవృక్షం గీయడం వచ్చినప్పుడు మా ఇంటిదే గీసేను. మగవాళ్లకి చతురస్రం, ఆడవాళ్లకి గుండ్రం, మేనరికానికి జంట గీత. మా అమ్మమ్మ వైపు మూడు జంట గీతలు పడ్డాయి. అమ్మకి చూపిస్తే "మనోళ్లని రైలు పట్టాల్లా గీసేవేటే" అంది.

గంటస్తంభం అన్నయ్యా, ఆ తండ్రికి చెప్పాల్సింది ఇంతే. పెళ్లి నిక్షేపంగా చెయ్యొచ్చు, కాకపోతే అబ్బాయికీ ఆ టెస్టు చేయించాలి. ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. చాలామంది దీన్ని "నలుగురు పుడితే ఒకరికి" అని వింటారు. మొదటి బిడ్డకి వచ్చేసింది కాబట్టి మిగతా ముగ్గురికీ భయం లేదనుకుంటారు. అలా కాదు, ప్రతి కాన్పుకీ లెక్క మళ్లీ మొదటికే. జాతీయ సికిల్ సెల్ మిషన్ 2023 జులైలో మొదలయింది, 40 ఏళ్ల లోపు ఏడు కోట్ల మందికి పరీక్ష అన్నారు. పరీక్ష అవుతోంది సరే, కార్డు చదివి ఇలా విడమర్చి చెప్పేవాళ్లేరీ?

ఏడురోడ్ల కోడర్:
మాష్టారికి జీనోమిక్స్ అంటే ఇంకా జెల్ గుంటలే గుర్తొస్తున్నాయి. మనిషి జీనోమ్ అంటే 300 కోట్ల డీఎన్‌ఏ అక్షరాలు. అందులో 11వ క్రోమోజోమ్ మీద, బీటా గ్లోబిన్ జన్యువులో, ఒక్క ఏ బదులు టీ పడితే అది సికిల్ సెల్ జన్యువు. ఆ అక్షరాన్ని వెతికేది కంప్యూటరే. ఒక మనిషి పూర్తి సీక్వెన్స్ వంద జీబీ దాకా ఉంటుంది, మా వీధి నెట్‌లో దింపితే సంక్రాంతి వచ్చేస్తుంది. కానీ గెలాక్సీ అనే జన్యు విశ్లేషణ వెబ్‌సైటు సర్వర్ వాడితే అంతా వాళ్ల దగ్గరే నడుస్తుంది, ఉచితం. ఏ మార్పు ఏ జబ్బు తెస్తుందో చూపే క్లిన్‌వార్ డేటాబేస్ కూడా ఉచితం. ఎమ్మెస్సీ దేనికన్నా?

నాగావళి మాష్టారు:
కోడరు తమ్ముడూ, ఒక అక్షరానికి ఒక జబ్బు అన్నది మొదటి రోజు పాఠం. మన ఉద్దానం కిడ్నీ జబ్బు సంగతేమిటి? నీళ్లా, ఎండలో చాకిరీయా, జన్యువులా? ఇన్నేళ్ల పరిశోధనకీ తేలలేదు. గెలాక్సీలో నొక్కి చెప్పేస్తావా?

చెల్లెమ్మా, నిన్నొకటి అడుగుతాను. క్యారియర్‌లో ఎస్ 38 కాకుండా 27 వచ్చింది. ఎందుకు?

రాజాం చెల్లెలు:
ఐరన్ తక్కువైనా పడిపోతుంది, ఆల్ఫా థలసీమియా (హిమోగ్లోబిన్ తయారీలో ఇంకో జన్యులోపం) తోడైనా పడిపోతుంది. ముందు ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) చూడాలి. అది బాగుంటే ఆల్ఫా మీద అనుమానం, హెచ్‌పీఎల్‌సీలో తేలదు కాబట్టి డీఎన్‌ఏ పరీక్షకి పంపాలి. అంతకన్నా ముందు, ఈమధ్య రక్తం ఎక్కించారా అని అడుగుతాను.

నాగావళి మాష్టారు:
రక్తం సంగతి నాకు తట్టలేదు. సరే, ఆ డీఎన్‌ఏ పరీక్ష నువ్వెప్పుడైనా చేసేవా?

రాజాం చెల్లెలు:
లేదండి. శాంపిల్ ప్యాక్ చేసి పంపడమే.

నాగావళి మాష్టారు:
నేను మొదట్నించీ అంటున్నది అదే కదమ్మా.

గంటస్తంభం:
ఈ నెల చీటీ పాడలేదు. చెల్లెమ్మ చెప్పిన ఉచిత కోర్సులో పేరు రాయించుకున్నాను, ఎమ్మెస్సీ మాట అది అయ్యాక. ఆ తండ్రి ఫోన్ నంబరు రిజిస్టర్‌లో దొరికింది. డాక్టరుగారితో మాట్లాడాను, నువ్వే చెప్పు అన్నారు. రేపు చేస్తాను. "నలుగురిలో ఒకరికి" అని మాత్రం నోరు జారకూడదు.