మంచు కరిగాక లాన్ నిండా నాచు: సున్నం చల్లినా తగ్గలేదు

ప్రశ్న:
నమస్కారం. మాది నెలల తరబడి మంచు కప్పే చలి ప్రాంతం. ఇంటికి ఉత్తరాన చెట్ల కింద ఉన్న లాన్‌లో ఏటా మంచు కరగగానే గడ్డి కంటే ముందు నాచే పచ్చగా కనిపిస్తోంది. నిరుడు రేక్‌తో గీకి తీసివేసి, సున్నం చల్లాను. గడ్డిని కూడా బాగా పొట్టిగా కత్తిరిస్తున్నాను. అయినా ఈ వసంతంలో అది రెట్టింపు మేర పరుచుకుంది. నాచు గడ్డిని చంపివేస్తోందా? దీనిని ఎలా వదిలించుకోవాలి?

జవాబు 1:
నాచు గడ్డిని చంపదు. గడ్డి పలచబడి ఖాళీ అయిన చోటును ఆక్రమిస్తుంది. దానికి నిజమైన వేళ్ళు ఉండవు. నూలుపోగుల వంటి తంతువులతో నేలను పట్టుకుని, తేమను ఒంటితోనే పీల్చుకుంటుంది కనుక గట్టిపడిన నేలైనా, సారం లేని నేలైనా దానికి అడ్డు కాదు. గడ్డి ఇంకా నిద్రావస్థలో ఉండగా, సున్నా డిగ్రీలకు కాస్త పైన ఉండే చలిలోనే అది ఆహారం తయారు చేసుకోగలదు. బతికి ఉన్న నాచును గీకినప్పుడు రాలే తునకలు మళ్ళీ మొలకెత్తుతాయి. నిరుడు జరిగినది బహుశా ఇదే.

ముందుగా అన్నభేదిని, అంటే ఫెర్రస్ సల్ఫేట్‌ను, ప్యాకెట్ మీద చెప్పిన మోతాదులో నీటిలో కలిపి పిచికారీ చేయండి. నాచు కొద్ది రోజులలో నల్లబడుతుంది. రెండు వారాలు ఆగి గీకండి. ఈ మందు సిమెంటు దారిపై పడితే తుప్పు మరకలు ఏర్పడతాయి, అవి ఒక పట్టాన వదలవు. గడ్డిని మాత్రం ఏడెనిమిది సెంటీమీటర్ల ఎత్తున ఉంచండి. పొట్టిగా కత్తిరించడం నాచుకు మీరే చోటు ఇవ్వడం.

జవాబు 2:
సున్నం గురించి ఒక మాట. సున్నం నాచును చంపదు. నేల ఆమ్లంగా ఉన్నప్పుడు గడ్డికి మేలు చేస్తుంది, అంతే. భూసార పరీక్షలో ఉదజని సూచిక (pH, నేల ఎంత ఆమ్లంగా ఉందో తెలిపే అంకె) 6 నుంచి 7 మధ్య ఉంటే సున్నం అవసరమే లేదు. ఎక్కువైతే గడ్డికి ఇనుము సరిగా అందదు. మొదటి జవాబులో విత్తడం ప్రస్తావన లేదు, నా దృష్టిలో అసలు పని అదే. నాచు తీసిన నేలను ఖాళీగా వదిలితే అది తప్పక తిరిగి వస్తుంది. నేలను గుల్లబరచి, నీరు నిలవకుండా చూసి, వేసవి చివరలో, గట్టి మంచు పడడానికి కనీసం ఆరు వారాల ముందు విత్తనం చల్లండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. అక్కడ ఎండ రోజుకు మూడు గంటలకు మించదు. ఏ గడ్డి విత్తాలి?

జవాబు 3:
కెంటకీ బ్లూగ్రాస్‌కు ఎండ బాగా కావాలి, మీ చోట నిలవదు. సన్నాకు ఫెస్క్యూ రకాలు నీడను ఓర్చుకుంటాయి, కానీ వాటికీ నాలుగు గంటల ఎండ ఉంటే మంచిది. కింది కొమ్మలు నరికి వెలుతురు పెంచండి, రాలిన ఆకులను పేరుకోనివ్వకండి. దట్టమైన నీడలో నేను ఏళ్ళ తరబడి విత్తి, చివరకు చెట్టు మొదలు చుట్టూ నాచునే ఉండనిచ్చాను. మిగతా లాన్‌లో గడ్డి ఒత్తుగా ఉన్నందున అది అక్కడి నుంచి ఇవతలికి రాలేదు.