సంఘం డబ్బు వాడుకుని తిరిగి పెట్టేశాను, ఇప్పుడు చెయ్యి విరిగింది. ఇది దేవుడి శిక్షేనా?

పర్లాకిమిడి తమ్ముడు (ప్రశ్న)

అందరికీ వందనాలు. మాది చిన్న ఊరు, ఒకరికొకరు అందరూ తెలుసు, అందుకే పేరు చెప్పడం లేదు. మా సంఘం కూడా చిన్నదే, నలభై కుటుంబాలు ఉండవు, ఆరాధన తెలుగులోనే. మూడేళ్లుగా కానుకల లెక్క నా దగ్గరే ఉంటోంది.

నాకు ఫ్యాన్సీ షాపు ఉంది. దసరాకి సరుకు వేసుకోవడానికి చేతిలో డబ్బు ఆడలేదు. మందిరం పైరేకులు మార్చడానికి పోగుచేసిన 18,000 మా ఇంట్లో బీరువాలో ఉంది. తీసి వాడుకున్నాను. రేకుల సంగతి ఎవరో అడిగితే వచ్చే నెల చూద్దాం అన్నాను. దీపావళి అయ్యాక పైసా తక్కువ కాకుండా తిరిగి పెట్టేశాను. దొంగతనం చేశానని నాకైతే అనిపించలేదు.

తర్వాత ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘ పెద్ద ఒకాయన పుస్తకం తెమ్మన్నారు. ఆయన రిటైర్డ్ మాస్టారు, పద్దు మీద వేలు పెట్టి ఒక్కో గీతా చదువుతారు. పైనా కిందా అంతా నీలం ఇంకు, మధ్యలో రెండు గీతలు మాత్రం నల్ల ఇంకు, అవి ఒకేసారి కూర్చుని రాసినవి. వేలు అక్కడ ఆగింది. పుస్తకం మూసి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, "బాబూ, ఒక్క మాట అడిగి తీసుకుంటే ఎవరం కాదంటాం?" అన్నారు. అంతే. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. డబ్బు పెట్టేశాక కూడా ఈ అడగడం ఏమిటని రెండు వారాలు మందిరానికి వెళ్లలేదు. పాతపట్నంలో ఇంకో సంఘం ఉంది, బోర్డరు దాటితే అదే, అక్కడికి పోదామనుకున్నాను.

అలా పాతపట్నం వెళ్తుంటేనే వానలో బండి జారింది. కుడి మణికట్టు విరిగింది, ఆరు వారాలు కట్టు. ఎడమ చేత్తో టైపు చేస్తున్నాను, తప్పులుంటే క్షమించండి. దేవుడు నన్ను కొట్టాడా? రాత్రుళ్లు ఇదే టెన్షన్, నిద్ర పట్టడం లేదు.

జయపురం విశ్వాసి

ఇందులో అనుమానం ఏముంది బ్రదర్. ఆకాను యెరికోలో దొంగిలించింది డేరాలో దాచాడు, మీరు బీరువాలోంచి తీశారు, అంతే తేడా. అననీయ సప్పీరాలు డబ్బు దాచి అబద్ధమాడి ఎలా చచ్చిపోయారో అపొస్తలుల కార్యములు 5లో చదవండి. మీకు చెయ్యితో పోయింది, సంతోషించండి. మూడు రోజులు ఉపవాసం ఉండి సంఘం అందరి ముందు ఒప్పుకోండి, లేకపోతే ఇంకా పెద్దది వస్తుంది.

బరంపురం అన్నయ్య

జయపురం బ్రదర్, కొంచెం ఆగండి. యోబు 5:17లో దేవుడు గద్దించే మనిషి ధన్యుడని ఉంటుంది, మన దగ్గర ఎవరికి జబ్బు చేసినా ఆ వచనం పట్టుకుని వెళ్తాం. ఆ మాట అన్నది యోబు స్నేహితుడు ఎలీఫజు. మాట తప్పు కాదు, అన్నీ పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న యోబుతో అన్నాడు చూడండి, అదీ తప్పు. 42వ అధ్యాయంలో దేవుడు కోపపడింది ఆ ఎలీఫజు మీదే, యోబు మీద కాదు. సిలోయము గోపురం పడి 18 మంది చనిపోతే, యెరూషలేములో ఉన్న మిగతావాళ్లకంటే వాళ్లు పాపాత్ములనుకుంటున్నారా అని యేసే అడిగాడు, లూకా 13లో. పుట్టుగుడ్డివాడి సంగతిలోనూ ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే, ఇతనూ కాదు, కన్నవాళ్లూ కాదన్నాడు. వానలో తారు రోడ్డు మీద బండి జారడానికి బ్రేకులు అరిగినా చాలు.

అలాగని దేవుడు శిక్షించడని నేను అనను. ప్రభువు తాను ప్రేమించేవాణ్ని శిక్షిస్తాడని హెబ్రీ 12లో ఉంది. కానీ ఆయన నీకు దీనికోసం ఇది చేశాడని ఇంకొకరి ఎముక చూసి తీర్పు చెప్పడం మనకెవరూ ఇవ్వని పని.

గుణుపురం అక్క

తమ్ముడూ, నీ పోస్టు రెండుసార్లు చదివాను. చెయ్యి గురించి ఇంత రాశావు, రేకుల గురించి ఒక్క ముక్క రాసి వదిలేశావు. వచ్చే నెల చూద్దాం అన్నావు కదా, ఆ నెలంతా మీ ఊళ్లో వాన పడలేదా? మా వైపైతే వంశధార నిండుగా పారింది. కారే రేకుల కింద చంటిపిల్లలతో ఎవరు కూర్చున్నారు? డబ్బు పైసా తక్కువ కాకుండా వచ్చింది, సరే. ఆ ఆదివారాలు తిరిగిరావు కదా.

ఇంకోటి. దేవుడు నీతో మాట్లాడాడా అని అడుగుతున్నావు. ఆ మాస్టారు గారు నిన్ను పదిమందిలో పిలవలేదు, పాస్టరు గారికి చెప్పలేదు, నువ్వూ ఆయనా ఒంటరిగా ఉన్నప్పుడే అడిగారు. మత్తయి 18:15లో ఎలా ఉందో అక్షరాలా అలాగే చేశారు. నీకు వచ్చిన గద్దింపు అదేనయ్యా. అది వినడం ఇష్టం లేక ఇప్పుడు విరిగిన చేతిలో వెతుక్కుంటున్నావు. చెయ్యి అయితే నిన్ను ఏమీ అడగదు, ఆరు వారాలకి అతుక్కుపోతుంది. ఆయన ఇంటికి వెళ్లాలంటే తల దించుకోవాలి, అదీ నీ కష్టం.

కోపంగా రాశాననుకోకు, మా ఇంట్లోనూ ఇలాంటిది జరిగింది, అందుకే.

రాయగడ టీచర్

అక్క చెప్పింది సరిగ్గా తగిలింది. నేను ఇక్కడ స్కూల్లో చెబుతాను, మా పిల్లలకి ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. ఒకసారి సండే స్కూల్లో హెబ్రీ 12 చదివిస్తూ 'ప్రభువు చేయు శిక్ష' అంటే ఏమిటని అడిగితే, ఒక పిల్ల "చదువు" అంది. అందరూ నవ్వారు. ఆ పిల్లది తప్పు కాదు, ఒడియాలో శిక్షా అని రాసి శిఖ్యా అని పలుకుతారు, అర్థం చదువే. ఇంటికెళ్లి చూస్తే గ్రీకులో అక్కడున్న మాట పైదెయా, పిల్లవాణ్ని పెంచి తీర్చిదిద్దడం అని. దెబ్బ కూడా అందులో ఉంది, లేదనను, కానీ దెబ్బ ఒక్కటే కాదు. మనం తెలుగులో ఆ మాట వినగానే బెత్తం చూస్తాం, నువ్వు చెయ్యి చూసి అదే అనుకున్నావు.

దిద్దుబాటు విన్నప్పుడు ఏం చేశారో ఇద్దరు రాజుల్లో చూడు. ఆసా మంచి రాజే, హనానీ అనే ప్రవక్త వచ్చి తప్పు చెబితే కోపం వచ్చి ఆయన్ని బందీఖానాలో పెట్టించాడు, 2 దినవృత్తాంతములు 16. దావీదు చేసింది అంతకంటే చాలా ఘోరం, మనిషిని చంపించాడు. నాతాను ప్రవక్త "ఆ మనుష్యుడవు నీవే" అంటే మాత్రం కారణాలు చెప్పలేదు, పాపం చేశానన్నాడు. తర్వాత దావీదు బత్షెబల కొడుకుల్లో ఒకడి పేరు నాతాను, 1 దినవృత్తాంతములు 3:5. ప్రవక్త పేరే పెట్టాడని బైబిల్లో లేదు, కానీ ఆ వచనం వచ్చినప్పుడల్లా నాకు అలాగే అనిపిస్తుంది.

సంఘం అందరి ముందు చెప్పాలా అంటే, ముందు మాస్టారు గారి దగ్గరికి వెళ్లు. ఎంతమందికి చెప్పాలో ఆయనే చెప్తారు. డబ్బు అందరిదీ కాబట్టి కమిటీకి తెలియాల్సి రావచ్చు, అప్పుడు బేరం ఆడకు. లెక్క ఇంకొకరికి అప్పగించమంటే ఇచ్చెయ్యి. పాతపట్నం ఆలోచన మాత్రం వద్దు, అక్కడా ఒక పుస్తకం ఉంటుంది.

జయపురం విశ్వాసి

ఎలీఫజు సంగతి నేను ఎప్పుడూ గమనించలేదు. సారీ బ్రదర్, ఇంకా పెద్దది వస్తుందని అనకుండా ఉండాల్సింది. ఒప్పుకోవాలన్న మాట మీద మాత్రం నేను నిలబడతాను.

పర్లాకిమిడి తమ్ముడు

అందరికీ థాంక్స్. అక్కా, మీ పోస్టు చదివాక మొదట ఫోను పక్కన పడేశాను, నిజం చెప్తున్నా. మాస్టారు గారు అడిగినప్పుడు వచ్చిన కోపమే మళ్లీ వచ్చింది. రాత్రి మా ఆవిడకి చదివి వినిపించాను. డబ్బు సంగతి అప్పటిదాకా ఆమెకీ చెప్పలేదు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఆ రెండో ఆదివారం వాన నీళ్లు పడుతున్నాయని తనే చాప జరుపుకుని కూర్చున్నానని చెప్పింది.

నిన్న సాయంత్రం పుస్తకం పట్టుకుని మాస్టారు గారింటికి వెళ్లాను. తాళం వేసి ఉంది, పలాసలో కూతురింటికి వెళ్లారట, రేపు వస్తారు. అరుగు మీద కాసేపు కూర్చుని వచ్చేశాను. రేపు మళ్లీ వెళ్తాను.

గుణుపురం అక్క

వెళ్లేటప్పుడు రేకుల కొలతలు కూడా రాసి పట్టుకెళ్లు. ఎడమ చేత్తో అయినా సరే.