మోకాల్లోతు నీళ్లలో కొరమీను: కనిపిస్తుంది, కొడుతుంది, గాలానికి మాత్రం పడదు

గాజువాక_గాలం:
అందరికీ నమస్తే. మొదట్లో నేను యారాడ, భీమిలి వైపు సముద్రం దగ్గరే గాలం వేసేవాణ్ణి, ఈ ఏడాది కొరమీను పిచ్చి పట్టింది. అచ్యుతాపురం దాటాక మా అమ్మమ్మగారి ఊళ్లో చెరువుంది, వేలంలో పాడుకున్నాయన మా మావయ్యకి తెలిసినవాడే కాబట్టి పర్మిషన్ గొడవ లేదు. వానలు పడ్డాక చెరువు పైభాగంలో గడ్డి మునిగి కొత్త నీరు నిలబడింది, మోకాల్లోతు కూడా ఉండదు, కొన్ని చోట్ల జానెడే. విచిత్రం ఏంటంటే పెద్ద చేపలన్నీ అక్కడే ఉన్నాయి! గట్టు మీంచి చూస్తే గడ్డి కదులుతుంటుంది, మధ్యమధ్యలో బుడుంగుమని పైకొచ్చి గాలి పీల్చుకుని వెళ్తాయి. ఆ సుడి మీదే కరెక్టుగా ఫ్రాగ్ లూర్ (హుక్కులున్న రబ్బరు కప్ప ఎర) వేస్తున్నాను, అంతే, మళ్లీ ఆ చుట్టుపక్కల ఏదీ కదలదు. ఒకవేళ కొట్టినా నీళ్లు ఎగిరిపడతాయి, నేను రాడ్ లాగుతాను, కప్ప గాల్లో ఎగిరి నా మొహం మీదకే వస్తుంది. నాలుగు ఆదివారాల్లో పదిహేను దెబ్బలు, చేతికొచ్చింది సున్నా. ఇంట్లో ఆవిడ "చేపల బజారుకెళ్తే గంటలో పని అయిపోతుంది కదా" అంటోంది. అమెరికాలో మస్కీ అనే చేపని కూడా ఇలాగే తక్కువ నీళ్లలో పడతారని వీడియోల్లో చూశాను, ఆ పద్ధతి ఇక్కడ పనికొస్తుందా? రాడ్ మీడియం హెవీ, లైను 40 పౌండ్ల బ్రెయిడ్ (పోగులు అల్లిన దారం). తప్పు ఎక్కడుందో చెప్పండి.

తాటిదోనె:
బ్రదర్, లూర్ మార్చకు, నడక మార్చు. మాది కొండకర్ల ఆవ అనే సరస్సు పక్క ఊరు, చిన్నప్పుడు రెండు తాటి బోదెలు కట్టిన దోనె మీద తిరిగినవాళ్లం. తక్కువ నీళ్లలో ఉన్న చేపకి నువ్వు గట్టు మీద అడుగేసినప్పుడే కబురు అందుతుంది, ఆ అదురు నేల నుంచి నీళ్లలోకి వెళ్తుంది. పైగా పొద్దున్న తూర్పు గట్టు మీద నిలబడితే నీ నీడ నీకంటే ముందే చెరువులో దిగుతుంది. కాబట్టి సూర్యుడు ఎదురుగా ఉండేలా నిలబడు, వంగి నడువు, ఒకచోట ఆగాక ఐదు నిమిషాలు ఏమీ చేయకు, బీడీ అలవాటుంటే కాల్చుకో, నేనైతే అదే చేస్తా.

ఇక సుడి సంగతి. కొరమీను నీళ్లలో గాలితో సరిపెట్టుకునే చేప కాదు, పైకొచ్చి గాలి మింగక తప్పదు. ఆ సుడి చేప ఇందాక ఉన్న చోటు, ఇప్పుడు ఉన్న చోటు కాదు. దాని నెత్తి మీద కప్ప పడితే పారిపోక ఏం చేస్తుంది? సుడికి రెండు మూడు గజాలు అవతల, వీలైతే గట్టు మీదో తామరాకు మీదో పడెయ్, అక్కణ్ణించి చప్పుడు లేకుండా నీళ్లలోకి జార్చు. కొంచెం లాగు, ఆపు. ఆపినప్పుడే ఎక్కువ కొడుతుంది.

రిటైర్డ్_లెక్కల_మాస్టారు:
పైన బాబు చెప్పింది నిజమే గానీ దెబ్బలు తప్పిపోవడానికి కారణం వేరే. కప్ప మీద నీళ్లు ఎగరగానే మీరు లాగేస్తున్నారు. అప్పటికి చేప ఇంకా నోట్లోకి తీసుకోలేదు. కప్ప కనపడకుండా పోవాలి, లైను బిగుసుకుంటున్నట్టు చేతికి తెలియాలి, అప్పుడు గట్టిగా ఒక్క లాగు. నేను మనసులో "ఒకటి, రెండు" అనుకుంటాను. నలభై ఏళ్లు పిల్లలకి లెక్కలు చెప్పిన నాకే రెండు దాకా లెక్కపెట్టడం నేర్చుకోవడానికి ఒక సీజన్ పట్టింది. ఇంకోటి, కప్ప మెత్తగా ఉందా? వేళ్లతో నొక్కితే హుక్కులు సులువుగా బయటపడాలి. గట్టి రబ్బరైతే వేణ్ణీళ్లలో కాసేపు వేసి చూడండి. కాళ్ల పోగులు పొడుగ్గా ఉంటే సగానికి కత్తిరించండి, చేప వాటినే పట్టుకుని వదిలేస్తుంది. హుక్ మొనల్ని పట్టకారుతో కొద్దిగా, కొద్దిగానే సుమా, బయటికి వంచండి.

ఎంవీపీ_టు_మిన్నసోటా:
మస్కీ మాట వచ్చింది కాబట్టి నేనూ దూరుతున్నా. మాది ఎంవీపీ కాలనీ, పదకొండేళ్లుగా అమెరికాలో మిన్నసోటా రాష్ట్రంలో ఉంటున్నా. ఇక్కడ మస్కీ సీజన్ జూన్ మొదటి శనివారం తెరుస్తారు. అవి ఏప్రిల్, మే నెలల్లో సరస్సు ఒడ్డున లోతు లేని మూలల్లోకి వచ్చి గుడ్లు పెడతాయి కాబట్టి సీజన్ మొదట్లో చాలావరకు ఆ చుట్టుపక్కలే, రెండు మూడు అడుగుల నీళ్లలో కొత్త నాచు మధ్య తిరుగుతుంటాయి. నాలుగడుగుల చేప వీపు దాదాపు కనపడేంత నీళ్లలో కదలకుండా దుంగలా పడి ఉండటం నేను కళ్లారా చూశాను. గుండె ఆగినంత పనైంది. మోటారు దూరంగానే ఆపేసి గాలికి పడవ కొట్టుకెళ్లేలా చూసుకుంటాం, బాగా దూరం నుంచి విసురుతాం, అలలు ఉన్న ఒడ్డు దొరికితే అదే మేలు, అలల్లో మన చప్పుడు కలిసిపోతుంది. ఇది మీ చెరువులోనూ పనికొస్తుంది, కొంచెం గాలి ఉన్న రోజే వెళ్లు.

తేడాలూ ఉన్నాయి. మస్కీ పడవ దాకా వెంటాడుతూ వస్తుంది, చివర్లో రాడ్ కొసని నీళ్లలో ముంచి ఇంగ్లీషు ఎనిమిది అంకెలా తిప్పితే అప్పుడు కొడుతుంది. గట్టు మీద నిలబడి కొరమీనుకి అది చేస్తే నీ బొమ్మ చూసి పోతుంది. మస్కీ పళ్లకి లైనుకీ లూర్‌కీ మధ్య లీడర్ అనే గట్టి ముక్క, స్టీలుదో మందపాటి ఫ్లోరోకార్బన్ ప్లాస్టిక్ తీగదో, కట్టకపోతే లైను తెగుతుంది, నీకు బ్రెయిడ్ నేరుగా కట్టినా చాలు. ఇక్కడ మస్కీ ఇంటికి తీసుకెళ్లాలంటే 54 అంగుళాలు ఉండాలి, అంటే నాలుగున్నర అడుగులు, కాబట్టి దాదాపు అన్నీ వదిలేయడమే. మా అమ్మ ఫోన్లో "పట్టి వదిలేయడానికి అంత దూరం వెళ్లడం ఎందుకురా" అని ఇప్పటికీ అడుగుతుంది.

గాజువాక_గాలం:
మాస్టారూ, మీరు చెప్పింది నిజం, నేను నీళ్ల చప్పుడుకే లాగేస్తున్నాను. తాటిదోనె అన్నా, ఇంకో డౌటు. ఒక మూల నీటి మీద ఎర్రగా చిన్న చిన్న పిల్లలు గుంపుగా, వాన చినుకులు పడుతున్నట్టు ఉడుకుతున్నాయి. ఆ గుంపులోంచి లూర్ లాగితే ప్రతిసారీ దెబ్బ పడుతోంది. పదిహేనులో తొమ్మిదో పదో అక్కడివే.

తాటిదోనె:
ఈ ముక్క ముందే చెప్పాల్సింది కదయ్యా. అవి కొరమీను పిల్లలు, కింద అమ్మా నాన్నా కాపలా ఉన్నాయి. అవి నీ కప్పని తినడానికి కొట్టట్లేదు, పిల్లల దగ్గరికి రాకుండా తరుముతున్నాయి, హుక్ అందకపోవడానికి అదీ ఒక కారణమే. వాటిని పట్టేస్తే ఆ పిల్లల్ని మట్టగిడసలు, కొంగలు కలిసి ఖాళీ చేస్తాయి, వచ్చే ఏడాది నీకే చేప ఉండదు. ఆ మూలకి వెళ్లకు.

ఎంవీపీ_టు_మిన్నసోటా:
మస్కీ అయితే గుడ్లు చల్లేసి తన దారిన పోతుంది, కాపలా గీపలా ఏం లేదు. ఈ విషయంలో మన కొరమీనే నయం.

గాజువాక_గాలం:
అప్‌డేట్. నిన్న పొద్దున్న ఐదున్నరకే వెళ్లాను. పిల్లలున్న మూల వదిలేసి అటు చివర గుర్రపు డెక్క పక్కన చెప్పులు విప్పి కూర్చున్నాను (జలగ ఒకటి పట్టింది, అది వేరే కథ). గంటన్నరలో రెండే దెబ్బలు. మొదటిదానికి పాత అలవాటే, లాగేశాను. రెండోదానికి ఒకటి, రెండు అని పైకే లెక్కపెట్టాను, పక్కన గేదెలు కాస్తున్న కుర్రాడు నవ్వాడు. పడింది! ముప్పావు కేజీ ఉంటుంది. ఆవిడ తూకం వేయించమంది, బజారు రేటుతో పోల్చి చూస్తుందట.