అటెన్షన్ కోసం మొరిగే కుక్కపిల్లని పట్టించుకోకుండా వదిలేయాలా, గదమాయించాలా?

మియాపూర్ అమ్మాయి: మాది అపార్ట్‌మెంట్, నాలుగో ఫ్లోర్. మా బుజ్జికి ఏడు నెలలు, వీధిలోంచి తెచ్చుకున్న ఇండీ పిల్ల. నేను ల్యాప్‌టాప్ తెరిచి మీటింగ్‌లో కూర్చుంటే చాలు, ఎదురుగా నిలబడి నా మొహంలోకి చూస్తూ ఒకటే అరుపు. ఆకలి కాదు, ఒకటికి రావడమూ కాదు, నేను అటు తిరిగితే చాలు తోక ఊపేస్తుంది. ట్రైనర్ పట్టించుకోవద్దన్నారు. నాలుగు రోజులు అలాగే ఉన్నా, తగ్గకపోగా రెట్టింపైంది. మా ఆయన మొహం మీద నీళ్ళు స్ప్రే చేద్దాం అంటున్నారు, కింద ఫ్లోర్ వాళ్ళు ఇప్పటికే రెండుసార్లు వచ్చి చెప్పి వెళ్ళారు. ఏం చేయమంటారు?

గుంటూరు బాబాయ్: స్ప్రే కొట్టమ్మా, తప్పేం లేదు. మా పామెరేనియన్‌కి రెండు రోజులు కొట్టా, నోరు మూసింది. పట్టించుకోకుండా కూర్చుంటే నువ్వు లోకువైపోతావ్.

మూడు కుక్కల ఇల్లు: బాబాయ్ గారూ, నేనూ మా పెద్దదానికి అదే చేశా, అరుపు ఆగింది నిజమే కానీ తర్వాత నేను మొక్కలకి నీళ్ళు కొట్టే బాటిల్ తీసినా మంచం కిందకి దూరేది, దగ్గరికి పిలిస్తే తోక ముడుచుకుని వచ్చేది, అది చూశాక ఇంక ఆ పని మళ్ళీ చేయలేదు. చెల్లీ, నాలుగో రోజు ఎక్కువైందంటే పని చేస్తోందనే అర్థం. రిమోట్ పనిచేయకపోతే మనం వెంటనే పక్కన పడేస్తామా? అరచేతిలో కొట్టి, ఇంకా గట్టిగా నొక్కుతాం. బుజ్జి కూడా అంతే, మొన్నటిదాకా పనిచేసిన బటన్ ఇప్పుడెందుకు పనిచేయట్లేదని గట్టిగా నొక్కుతోంది. సరిగ్గా అప్పుడు నువ్వు "అబ్బా ఉండవే" అన్నావనుకో, ఇంత గట్టిగా అరిస్తేనే పలుకుతారన్నమాట అని నేర్చుకుంటుంది. తిట్టు కూడా దానికి పలకరింపే.

కానీ పట్టించుకోకపోవడం సగం పనే. మిగతా సగం, అది ఊరుకున్న క్షణాన్ని పట్టుకోవాలి. మా చిన్నది అరిచి అరిచి ఊపిరి తీసుకోవడానికి ఆగేది, ముక్కుతో ఒక్కసారి "హుఫ్" మని కూర్చునేది. ఆ రెండు సెకన్ల నిశ్శబ్దంలో మాట్లాడకుండా ఉడికించిన చికెన్ ముక్క, గోరంత, కాళ్ళ మధ్య పెట్టేదాన్ని. తర్వాత ఐదు సెకన్లు, పది, అలా పెంచుకుంటూ పోయా. మూడు వారాలకి మీటింగ్ మొదలవగానే వచ్చి చాప మీద పడుకోవడం మొదలెట్టింది.

వైజాగ్ వాకర్: నేను దీనితో పూర్తిగా ఒప్పుకోను. ఏడు నెలల పిల్ల రోజంతా నాలుగు గోడల మధ్య ఉంటే అరవక ఏం చేస్తుంది? ముందు పొద్దున ఎండెక్కకముందే అరగంట తిప్పండి, వాసనలు చూడనివ్వండి, మీటింగ్‌కి ముందు ఫ్రీజర్‌లో పెట్టిన క్యారెట్ ఒకటి కొరకడానికి ఇవ్వండి. అవసరం తీర్చకుండా పట్టించుకోకపోతే అది ట్రైనింగ్ కాదు, అన్యాయం. ఇక కింద ఫ్లోర్ వాళ్ళ సంగతి, జంతు సంక్షేమ బోర్డు 2015 లో ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో మొరగడం కుక్కకి సహజం, సర్దుకోవాలి అంటూనే, ముఖ్యంగా రాత్రుళ్ళు అరవకుండా చూసుకోవాల్సింది పెంచుకునేవాళ్ళే అని కూడా ఉంది. కాబట్టి మీరే వెళ్ళి, ట్రైనింగ్ ఇస్తున్నాం, కొన్ని వారాలు ఓపిక పట్టండి అని చెప్పి రండి.

మూడు కుక్కల ఇల్లు: వాకింగ్ మాట నిజం, నేను రాయాల్సింది. కానీ క్యారెట్ మాత్రం అరుపు మొదలవకముందే ఇవ్వాలి, అరిచాక ఇస్తే అరుపుకి కూలీ ఇచ్చినట్టే. చెల్లీ, ఇంకోటి అడుగుతా, ఇంట్లో ఇంకెవరైనా పలుకుతున్నారా?

మియాపూర్ అమ్మాయి: అక్కా, మీరు అడిగాక ఇవాళ గమనించా. నేను హెడ్‌సెట్ పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చుంటే, వెనక సోఫాలోంచి మా మామయ్య గారు "ఏంట్రా బుజ్జీ, అమ్మ పలకట్లేదా" అని చపాతీ ముక్క విసురుతున్నారు. నాలుగు రోజులుగా ఇదే జరిగిందట!

మూడు కుక్కల ఇల్లు: దొరికింది. అరిచిన ప్రతిసారీ ఇస్తే కాదు, అప్పుడప్పుడూ ఇస్తేనే అలవాటు ఇంకా మొండిగా మారుతుంది, ఈసారి పడుతుందేమో అని అరుస్తూనే ఉంటుంది. మామయ్య గారిని వద్దనకు, ఆయనకి అంత ముద్దు. చపాతీ ముక్కలు ఆయన చేతిలోనే పెట్టి, బుజ్జి నోరు మూసుకున్నప్పుడే వేయమను.

గుంటూరు బాబాయ్: చపాతీ సంగతి ఒప్పుకుంటున్నా. మా ఇంట్లో వేసేది మా ఆవిడ. స్ప్రే ఈ నెలకి పక్కన పెడతాలే, మాదీ మళ్ళీ అరవడం మొదలెట్టింది.