అమ్మతో ఒక్క రోజు హైదరాబాద్, క్యాబ్ ఎక్కకుండా తిరగొచ్చా?

బెజవాడపిల్ల:
అందరికీ నమస్తే. వచ్చే ఆదివారం నేనూ అమ్మా పొద్దున్నే సికింద్రాబాద్‌లో దిగుతున్నాం, రాత్రి 10 దాటాక మళ్ళీ అక్కణ్ణుంచే రైలు. పెళ్ళీ లేదు పేరంటం లేదు, ఊరికే చూడ్డానికే, ఇన్నిసార్లు వచ్చినా చుట్టాలిళ్ళూ ఆసుపత్రీ తప్ప అమ్మ ఏమీ చూళ్ళేదు. క్యాబ్ వద్దని తనే పంతం పట్టింది, అద్దాలెత్తుకుని కూర్చుంటే ఊరేం కనిపిస్తుందే అంటుంది. సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్, గోల్కొండ, టైముంటే ట్యాంక్‌బండ్ అనుకున్నా. అమ్మకి 64, చదునుగా ఉంటే బానే నడుస్తుంది, మెట్లంటేనే మోకాళ్ళు పట్టేస్తాయి. మెట్రో ఎక్కడెక్కడ మారాలో చెప్పండి ప్లీజ్. ఇంకోటి, మా ఆధార్ చూపిస్తే అక్కడ బస్సు ఫ్రీయేనా?

తార్నాకవాసి:
రైల్వే స్టేషన్ దగ్గర సికింద్రాబాద్ ఈస్ట్‌లో బ్లూ లైన్ ఎక్కండి, ఒక్క స్టేషనే, పరేడ్ గ్రౌండ్‌లో దిగి గ్రీన్ లైన్‌కి మారితే ఎంజీబీఎస్ (పెద్ద బస్‌స్టాండ్) దాకా ఒకే బండి, ముషీరాబాద్, చిక్కడపల్లి, నారాయణగూడ మీదుగా పోతుంది. మూసీ దాటితే సాలార్‌జంగ్. పాతబస్తీలోకి మెట్రో ఇంకా రాలేదు కాబట్టి అక్కణ్ణుంచి నడకో ఆటోనో. అన్ని స్టేషన్లలో లిఫ్ట్ ఉంటుంది. గోల్కొండ కూడా పెట్టుకోండి, అది చూడకుండా హైదరాబాద్ చూశామంటే ఎవరూ ఒప్పుకోరు.

పాతబస్తీపోరడు:
అన్నా 64 ఏండ్ల అమ్మకు గోల్కొండ చెప్తున్నవ్, 300 పైచిలుకు మెట్లు నువ్వు ఎత్తుకుంటవా? 😀
అక్కా, ఆదివారం అన్నవ్ కాబట్టి బతికిపోయినవ్, శుక్రవారమైతే సాలార్‌జంగ్ బంద్, చౌమహల్లా ప్యాలెస్ బంద్. నా మాటినుర్రి, పోయేటప్పుడు మెట్రో వద్దు. ఆ ఒక్క స్టేషన్ కోసం ఎక్కుడు, దిగుడు, మళ్ల ఎక్కుడు, దూరం తక్కువే గానీ మోకాళ్లు అక్కడ్నే అయిపోతయ్. సికింద్రాబాద్‌ల 8ఏ బస్సు ఎక్కితే చార్మినార్ దిక్కు సీదా తెస్తది, మారే పని లేదు. కాకపోతే స్టార్టింగ్ పాయింట్‌లనే ఎక్కుర్రి, 2023 డిసెంబర్‌ల ఆడోళ్లకు ఫ్రీ చేసినకాడికెళ్లి మధ్యల ఎక్కితే లేడీస్ సీటు దొరుకుడు కష్టం. ఫ్రీ మాత్రం తెలంగాణ ఆధార్ ఉన్నోళ్లకే, మీకు టికెట్ పడ్తది.
గోల్కొండ బదులు చౌమహల్లా చూపియ్యి, చార్మినార్ కాడ్నుంచి నడిచిపోవచ్చు, అంతా చదునే. చార్మినార్ పైకి ఎక్కకుర్రి, మెట్లు మస్తు ఇరుకు. కింద నిమ్రా కేఫ్‌ల చాయ్, ఉస్మానియా బిస్కెట్ తీస్కొని నిలబడుర్రి, గంతే.

లింగంపల్లి_లోకల్:
ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎవరూ చెప్పరేంటి? ఫలక్‌నుమా బండి ఎక్కితే యాకుత్‌పురాలో దిగొచ్చు, అంత చవక ఇంకేదీ లేదు. అయితే టైమింగ్ చూసుకోండి, ఒకటి మిస్సయితే ప్లాట్‌ఫాం మీదే మీ సిటీ టూర్ అయిపోద్ది.

కోఠీ_రిటైర్డ్:
అమ్మాయ్, మా కాలంలో అయితే 7జెడ్ డబుల్ డెక్కర్ ఉండేది, సికింద్రాబాద్ నుంచి జూ పార్క్ దాకా, పైన ముందు సీటు దొరికిందంటే నిజాం నవాబే. అది పోయింది, వదిలెయ్. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో పాత చింతచెట్టొకటి ఉంది, 1908 మూసీ వరదలో 150 మంది దాకా దాన్నెక్కి బతికారంటారు. దాన్ని అమ్మకి చూపించు. సాలార్‌జంగ్‌లో 12 కొట్టే లోపు గడియారం ముందు కుర్చీ పట్టుకోండి, బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంది, 12కైతే ఎక్కువసేపు కొడుతుంది కదా.

బెజవాడపిల్ల:
వెళ్ళొచ్చాం! పోరడు తమ్ముడు చెప్పినట్టే 8ఏ ఎక్కాం, కిటికీ సీటు దొరికింది, జీరో టికెట్ మాకు లేదన్నప్పుడు అమ్మ కాస్త చిన్నబుచ్చుకుంది, మన ఆంధ్రాలోనూ స్త్రీశక్తి ఫ్రీ బస్సు ఉందిగా అంటూ కండక్టరమ్మకి చెప్పడం మొదలెట్టింది, అఫ్జల్‌గంజ్ వచ్చేసరికి ఇద్దరూ పిల్లల పెళ్ళిళ్ళ దాకా వెళ్ళిపోయారు. చింతచెట్టు దగ్గర చెయ్యి పెట్టి దణ్ణం పెట్టుకుంది. గడియారం 12 గంటలూ విన్నాక లేవమంటే లేవలేదు, 1కి ఒక్కటే కొడుతుందమ్మా అన్నా వినలేదు, అదీ చూశాకే కదిలింది. దాంతో చౌమహల్లాలో గంటే మిగిలింది, గోల్కొండ ఊసే ఎత్తలేదు, ట్యాంక్‌బండ్ సంగతి నేనే మర్చిపోయా.

తిరిగొచ్చేటప్పుడు అమ్మ సరదా పడిందని ఎంజీబీఎస్‌లో మెట్రో ఎక్కాం. ఎస్కలేటర్ చూసి రెండడుగులు వెనక్కేసింది, లిఫ్ట్‌లోనే వెళ్ళాం. కొత్తగా వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట, ఆ కాగితం టికెట్ బయటికొచ్చేటప్పుడు కూడా స్కాన్ చెయ్యాలి, పెద్దవాళ్ళ చేతికివ్వకండి. మా అమ్మ నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసింది, గేటు దగ్గర వెనక పదిమంది ఆగిపోయి ఉంటే ఆ ముడి ఎంతకీ రాదే!